రాలేదు అని రాయమంది

1961 మార్చి 2

ఈ పుస్తకం నాన్న ఇచ్చాడు. బడిలో మిగిలిపోయిన హాజరు పట్టీ. పిల్లల పేర్లు ఉండాల్సిన చోట నా వాక్యాలు పడతాయి. ముందు వైపు నుంచి మనుషుల గురించి రాస్తాను. వెనక వైపు నుంచి కొత్త మాటలు ఎక్కించుకుంటాను. ఇవాళ మాటలు మూడు దొరికాయి: అభ్యర్థన, ఆక్రందన, నిరవధికం. మనుషులు ఒక్కరూ దొరకలేదు.

ప్రమీలమ్మగారింట్లో కుటుంబ క్షేమ సమితి సమావేశం. ప్లీడరుగారి భార్య కాబట్టి ఆవిడ అధ్యక్షురాలు. తక్కిన పదకొండు మంది ఆవిడ మాటలకు తలలూపే సభ్యులు. అరగంట ప్రసంగం, అరగంట ఉప్మా, అరగంట ఎవరి కోడలు ఎటువంటిదో. 'కుటుంబమే సమాజానికి పునాది' అని ఆవిడ ఆరుసార్లు అంది. పునాది మీద గోడ లేవకముందే కాఫీ వచ్చింది. అందరికీ వెండి గ్లాసులు. నాకు గాజు గ్లాసు. గాజుదైతే తర్వాత పగలగొట్టి పారేయవచ్చని కాబోలు.

పని మాత్రం మంచిదే. సంపాదించే మగవాడు పోయిన ఇంటికి సర్కారు నెలనెలా సాయం చేసే బిల్లు ఒకటి హైదరాబాదులో శాసనసభ ముందు ఉంది. నెలాఖరుకు సభ ముగుస్తుంది. సముద్రం మీదికి పోయి తిరిగిరాని వాళ్ళ మాట ఆ బిల్లులో లేదు. శవం దొరక్కపోతే ఏడేళ్ళు గడిస్తే గాని చట్టం ఆ మనిషి పోయినట్టు ఒప్పుకోదట. బెస్తవాళ్ళ కుటుంబాలకు ఏడేళ్ళు కాదు, ఆరు నెలలు చాలునని చేర్పించాలి. దానికి ఒక అర్జీ కావాలి. అర్జీకి ఒక ఆడమనిషి కావాలి. మైపాడు పక్క పాళెంలో ఒకామె ఉందని చెప్పింది నేనే. అమ్మ కాన్పులు చేయడానికి అక్కడికి పోతూ ఉంటుంది.

అర్జీ రాసేది నేను. నా దస్తూరీ బాగుంటుందట. దస్తూరీ! పి.యు.సి. తెలుగులో కాలేజీకంతా మొదటిదాన్ని. నాలో వీళ్ళకు కనబడింది గుండ్రటి అక్షరాలు.

మార్చి 4

ప్రమీలమ్మగారి కారులో మైపాడు. ఇసక మొదలైన చోట కారు ఆగింది, ఆవిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. తిరిగి కారెక్కేదాకా తీయలేదు. ఆ రుమాలు లోంచే సానుభూతి చూపించింది.

ఆమె పేరు పెంచలమ్మ. పాతికేళ్ళుంటాయేమో. ఇసకలో తాటాకు చాప పరిచి చేపలు ఎండేస్తోంది. పక్కన ఇద్దరు పిల్లలు. నుదుట రూపాయంత బొట్టు, రెండు చేతులకూ ఎర్ర గాజులు.

"నర్సమ్మ కూతురివా? అచ్చం మీయమ్మ గెడ్డమే," అంది నన్ను చూసి.

ప్రమీలమ్మగారు రుమాలు లోంచి అడిగింది. "నీ భర్త గంగులయ్య ఎప్పుడు చనిపోయాడమ్మా?"

"రాలేదమ్మా."

"అదే, ఎప్పుడు పోయాడని."

"కార్తీకంలో పొయినాడు. చిన్నతెప్ప మీద, ఒక్కడే. గాలెత్తుకునింది. రాలేదు."

"వస్తాడనుకుంటున్నావా?"

"నేననుకునేదానికి ఏముండాదమ్మా. ఇంకా రాలేదు. అంతే గదా."

ఆరుసార్లు అడిగినా అదే మాట. ఒక్క ఉపమానం లేదు, కంట్లో చుక్క లేదు. ఇంత విషాదం చేతిలో పెట్టుకుని దాన్ని చెప్పుకోవడం చేతగాని మనిషి!

ఇంకో వింత. ఒడ్డున పెద్దవల లాగారు. ఊరంతా కలిసి లాగే వల కాబట్టి పడ్డ చేపల్ని ఇంటికింత అని పాళ్ళు వేశారు. అందులో ఒక కుప్ప ఎవరూ ముట్టుకోలేదు. పాళెం పెద్దకాపు చిన్నపోలయ్య దాన్ని బుట్టకెత్తి పెంచలమ్మ ముందు పెట్టాడు. "గంగులయ్య పాలు," అన్నాడు.

"లేని మనిషికి పాలేమిటి?" అన్నాను నవ్వుతూ.

"లేడని ఎవురన్నారు పాపా?" అన్నాడాయన. నవ్వలేదు.

తొమ్మిది తెప్పల పాళెమట. ఇప్పుడు ఎనిమిదే పోయివస్తున్నాయి. అయినా ఎవరినడిగినా తొమ్మిదనే చెప్పారు. లెక్క కూడా రాదు వీళ్ళకు.

కారులో ప్రమీలమ్మగారు రుమాలు తీసి అంది: "ఆ బొట్టూ గాజులూ చూశావా? మూఢులు, పాపం." ఆవిడతో నాకు ఏకాభిప్రాయం కుదిరిన మొదటి సంగతి ఇది. కుదిరినందుకు కాస్త సిగ్గుపడ్డాను.

మార్చి 5

ఆరాధన నుంచి రాగానే కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది.

'రాలేదు.' ఎంత బీద మాట! పాలు తేవడానికి పోయినవాడు రాలేదు, టపా రాలేదు, వాన రాలేదు. ఈ మాట పెట్టుకుని శాసనసభను ఎవరు కదిలిస్తారు? నేను ఇలా రాశాను:

'గత కార్తీక మాసమున చెలరేగిన ప్రచండ వాయువులో నా ప్రాణనాథుడగు గంగులయ్య కడలి గర్భమున అసువులు బాసెను. పసుపు కుంకుమలు కోల్పోయిన అభాగినినై, ఇరువురు పసికందులతో వైధవ్యమనే అంధకారమున అలమటించుచున్నాను.'

చదివితే నాకే ఒళ్ళు జలదరించింది. నాన్నకు వినిపించాను. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని "గ్రాంథికం ఎక్కువైంది," అన్నాడు. ఇరవై ఏళ్ళు అ ఆలు దిద్దించిన మనిషికి అంతకుమించి ఏం వినబడుతుంది.

మార్చి 7

'అసువులు బాసెను' దగ్గర ప్రమీలమ్మగారు ఏడ్చింది. వెండి గ్లాసులు కూడా ఏడ్చాయి.

మార్చి 9

వేలిముద్ర కోసం నేనొక్కదాన్నే బస్సులో పోయాను. అర్జీ చదివి వినిపించేంత వ్యవధి లేదు. తిరుగు బస్సు హారన్ కొడుతోంది.

"ఏం రాసినావమ్మా?" అంది.

"నువ్వు చెప్పిందే."

"నేను చెప్పింది ఇంత పొడుగుండాదా?" అని నవ్వింది. చేతికున్న చేపపొలుసు కొంగుకు తుడుచుకుని వేలు ఇచ్చింది. ముద్ర చక్కగా పడింది.

నువ్వు చెప్పిందే అన్నాను. అంతే కదా. భావం అదే. భాష నాది.

మార్చి 14

మా శాసనసభ్యుణ్ణి స్టేషన్లో పట్టుకున్నాం. చుట్టబెట్టిన పరుపు, మరచెంబు, మామిడికాయల బుట్ట, నలుగురు అనుచరులు. ప్రజల బరువు మోసేవాడి బరువు మోయడానికి నలుగురు. ప్రమీలమ్మగారు దండ వేసింది. నేను అర్జీ ఇచ్చాను. ఆయన కాగితాన్ని బరువు చూసినట్టు అరచేతిలో ఆడించాడు.

"ఆడవాళ్ళ సంగతి గదా, తప్పకుండా మాట్లాడతాను. ఏ వూరన్నారు? నాయుడుపేటా?"

"మైపాడండీ."

"అదే అదే." కాగితం పరుపు చుట్టలోకి పోయింది. రైలు కదిలింది. ఇరవై ఏళ్ళ స్వాతంత్ర్యానికి ఇంకా ఆరేళ్ళుంది, అప్పటికైనా ఈయన మైపాడు ఎటు వైపో తెలుసుకుంటాడేమో.

మార్చి 19

అర్జీ పత్రికలో పడింది! మన ఊరి వారపత్రికే, అయినా అచ్చు అచ్చే. ప్రమీలమ్మగారే నకలు పంపిందట. పేరు పెంచలమ్మది, మాటలన్నీ నావి. ఒక్క అక్షరమూ మార్చలేదు. నాలుగు ప్రతులు కొన్నాను. బజారులో సోడా తాగుతున్న ఒకాయన ఆ పేజీ చదువుతుంటే సోడా అయిపోయేదాకా ఎదురుగా నిలబడ్డాను. 'అసువులు' దగ్గర అతని పెదవులు ఆగాయి. అర్థమై ఆగాయో, కాక ఆగాయో.

మార్చి 22

అమ్మ మైపాడులో కాన్పు చేసి వచ్చింది. సంచీ కూడా దించలేదు.

"కరుణా, పెంచల మొగుడు చచ్చిపోయినాడని రాసినావా?"

"మరి బతికున్నాడా?"

"నేనడిగింది అది కాదు."

అక్కడి టీ అంగడిలో ఎవరో పత్రిక పైకి చదివారట. చిన్నపోలయ్య అక్కడే ఉన్నాడట. పెంచలమ్మను పిలిపించి, వేలిముద్ర నీదేనా అని అడిగాడు. నాదే అంది. కట్టుకున్నదే పోయినాడని కాగితం మీద చెప్పినాక ఊరు ఇంకెట్టా కాదంటాది అన్నాడట. పాళెం పెద్దలు కూర్చుని కట్టు వేశారు. వాళ్ళ భాషలో దానికి దురాయి అని పేరు, దాన్ని దాటి ఎవరూ బతకలేరు. గంగులయ్య పాలు ఆ రోజుతో ఆపేశారు. ఈ నెల ముప్పయ్యిన పెంచలమ్మ గాజులు తీయాలి.

"తీస్తే ఏమైంది?" అన్నాను. "బిల్లులో చేరితే నెలనెలా సాయం వస్తుంది. బుట్టెడు చేపల కన్నా అది నయం కాదా?"

"ఆ మాట ఆమెను అడిగినావా?"

"ఆమె మంచికే కదమ్మా."

"కాగితం చదివి వినిపించినావా?"

వినిపించాను అన్నాను. గాలి ఎక్కువగా ఉంది, ఆమెకు సరిగా వినబడి ఉండదు అన్నాను.

అమ్మ నా గెడ్డం పట్టుకుని కాసేపు చూసింది. కాన్పులో బిడ్డ అడ్డం తిరిగిందేమోనని చూసే చూపు. తర్వాత చేతులు కడుక్కోవడానికి పోయింది.

మార్చి 23

నా తప్పు కాదు.

మార్చి 24

దురాయి అనే మాట వెనక పేజీలో రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను.

మార్చి 26

ఒక్క సవరణ చాలు. సభలో ఆయన లేచి ఒక్క సవరణ ప్రతిపాదిస్తే చాలు. అప్పుడు పాళెం వాళ్ళే వచ్చి మెచ్చుకుంటారు. ఇంకా రెండు రోజులుంది. ఆయన నిద్రపోతూ ఉంటాడని తెలుసు. అయినా నిద్రలో లేచి మాట్లాడేవాళ్ళు ఉంటారు గదా.

నా తప్పు కాదు. గాలి ఎక్కువగా ఉంది.

మార్చి 29

సభ నిన్న నిరవధికంగా వాయిదా పడింది. ఈ మాట నా పుస్తకంలో మొదటి రోజే ఉంది. ఎంత గంభీరంగా ఉందో అనుకున్నాను అప్పుడు. పనివాళ్ళు బుట్టలు దించి ఇళ్ళకు పోయారని దాని అర్థం.

ఆయన ఉదయం రైలుకు దిగాడు. మామిడికాయల బుట్ట పోయి జాంగ్రీల పెట్టె వచ్చింది.

"బిల్లు ఈసారి రానేలేదమ్మా. చివరి రోజు ఎంత గందరగోళమో మీకేం తెలుసు! పై సమావేశాల్లో చూద్దాం." తర్వాత పరుపు చుట్టలోంచి నా అర్జీ తీశాడు. మడతల్లో నూనె మరక. "ఇది రాసింది నువ్వేనటగా పాపా? అద్భుతం! రైల్లో మావాళ్ళందరికీ చదివి వినిపించాను. ఒకాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. దాచుకో."

రైల్లో వినిపించాడు. సభలో కాదు. వినిపించాల్సిన మనిషికి నేనూ వినిపించలేదు. ఇద్దరం ఒక జట్టే.

ప్రమీలమ్మగారి మొహం వెలిగిపోతోంది. హైదరాబాదు దాకా మన సమితి పేరు పోయింది కాబట్టి ఆయనకు సన్మానమట, ఒకటో తారీఖు సాయంత్రం. సన్మానపత్రం నేనే రాయాలట. "అసువులు లాంటి మాటలు వెయ్యి," అంది.

రేపు ముప్పయ్యి.

మార్చి 30

అమ్మ రమ్మనలేదు. సంచీ తీసుకుని బస్సు స్టాండుకు నడిచింది, వెనకే నడిచాను.

పాళెంలో అందరూ ఒడ్డునే ఉన్నారు. పెంచలమ్మ తిరగేసిన తెప్ప మీద కూర్చుని ఉంది, గాజుల చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఎదురుగా ముసలి ఆడవాళ్ళు నలుగురు. నేను చిన్నపోలయ్య ముందుకు పోయి పత్రిక చూపించాను.

"ఇందులో మాటలు నావి," అన్నాను.

"వేలు పెంచలదే గదా?"

"వేలు ఆమెది. పోయాడని ఆమె చెప్పలేదు. రాలేదు అంది. ప్రతిసారీ రాలేదనే అంది."

"మరి పొయినాడని ఎందుకు రాసినావు?"

ఎంతో ఆలోచించాను. నాకు తెలిసిన మాటల్లో ఒక్కటీ ముందుకు రాలేదు.

"బాగుంటుందని."

ఒక ముసలమ్మ చేతులు చరిచింది.

"వినినారంటే! బాగుంటాదని చంపిందంట మన గంగులయ్యని!"

అందరూ నవ్వారు. ప్రమీలమ్మగారింట్లో గాజు గ్లాసు ముందు కూడా నేను అంత చిన్నదాన్ని కాలేదు.

"చదివి చెప్పలేదా ఆమెకు?" అన్నాడు చిన్నపోలయ్య.

"లేదు." గాలి సంగతి చెప్పలేదు. అమ్మ పక్కనే ఉంది.

పెద్దలు పక్కకు పోయి మాట్లాడుకున్నారు. చిన్నపోలయ్య తిరిగి వచ్చాడు.

"ఉండే మనిషిని పొయినాడంటే, అనిన నోటితోనే పిలవాల. మూడు దినాలు. తెప్పలొచ్చే యాళకి నీళ్ళలో నిలబడి పిలవాల. పిలిస్తే ఆ మాట పోతాది. గాజులూ ఉంటాయి, పాలూ ఉంటాది."

"నేను కాలేజీలో చదువుతున్నాను," అన్నాను. "పైగా మేము క్రైస్తవులం. రేపు గుడ్ ఫ్రైడే."

"సముద్రానికి అవన్నీ తెలవవులే పాపా."

నేను అమ్మ వైపు చూశాను. పెంచలమ్మ గాజుల వైపు చూస్తోంది అమ్మ. "నా బిడ్డ పిలస్తాది అబ్బయా," అంది.

బయల్దేరేటప్పుడు పెంచలమ్మ నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను. తిడితే తేలిగ్గా ఉండేది.

"కాగితముండాదా? ఇంకోటి రాయి. రాలేదు అని రాయి."

ఈ పుస్తకంలోంచే ఒక పేజీ చింపాను. 'నా మొగుడు గంగులయ్య కార్తీకంలో తెప్ప మీద పోయాడు. ఇంకా రాలేదు. నాకు ఇద్దరు పిల్లలు.' వేలు పెట్టి ఒక్కో మాటా చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

"ఇదీ నేను చెప్పింది," అని వేలు ఇచ్చింది.

మార్చి 31

సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ఆరాధనకు నాన్న పోయాడు. నేను ఒక్క మాట అనడానికి మైపాడు పోయాను. నాన్నకు కోపం. అమ్మ ఆయనతో ఏం చెప్పిందో తెలియదు, బస్సు చార్జీ మాత్రం ఆయనే ఇచ్చాడు.

మోకాళ్ళ దాకా నీళ్ళు. వెనక పాళెం పిల్లలంతా తమాషా చూడటానికి నిలబడ్డారు. తెప్పలు కనబడగానే పిలిచాను.

"ఓ గంగులయ్యా! తిరిగి రమ్ము!"

పెంచలమ్మ నా పక్కన నిలబడి ఉంది. "అట్టా కాదు. అది నాటకం. పిలువు."

"ఏమని?"

"నీకు అన్న వరసవుతాడు గదా. అన్నా, రా అను."

అన్నాను. గొంతు అలల్లో కలిసిపోయింది. గట్టిగా అనమంది. అన్నాను. ఒక్కో తెప్ప ఒడ్డుకు తగిలినప్పుడల్లా ఆమె నోట్లోనే లెక్కపెట్టుకుంటోంది. ఎనిమిది దగ్గర ఆగలేదు. ఆగినట్టు నాకు అనిపించలేదు.

ఏప్రిల్ 1

ప్రమీలమ్మగారు సన్మానపత్రం కోసం మనిషిని పంపింది. రాసి ఇచ్చాను: 'తమరు హైదరాబాదు వెళ్ళారు. తిరిగి వచ్చారు.' నేను రాసిన వాటిలో అచ్చు తప్పు పడే వీలు లేనిది ఇదొక్కటే. ఆ ఇంట్లో ఇక గాజు గ్లాసు ఖర్చు తగ్గుతుంది.

మైపాడు పోయాను. పిలిచాను. ఇవాళ పిల్లలు నవ్వలేదు. విసుగెత్తి ఆడుకోవడానికి పోయారు. కొత్త అర్జీ దారిలో తపాలాపెట్టెలో వేశాను. సభ లేదు, అయినా వేశాను.

ఏప్రిల్ 2

ఈస్టరు. తెల్లవారకముందే అందరం సమాధుల దొడ్డికి పోయి పాటలు పాడాము. అక్కడ నిద్రపోయే వాళ్ళందరి పేర్లూ రాళ్ళ మీద ఉన్నాయి. ఎవరెప్పుడు పోయిందీ తారీఖులతో సహా. అక్కడి నుంచి నేరుగా బస్సు స్టాండుకు. కొత్త ఓణీ తడుపుకోకు అంది అమ్మ.

ఈసారి పెంచలమ్మ చెప్పకముందే నీళ్ళలోకి దిగాను. ఓణీ తడిసింది. "అన్నా, రా," అన్నాను. ఇంకోసారి అన్నాను. ఎన్నిసార్లు అన్నానో తెలియదు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అందులో సోకు లేదు. తర్వాత వలలో పడ్డ చేపల్ని ఒడ్డున పాళ్ళు వేస్తుంటే చిన్నపోలయ్య ఒక కుప్ప ఎత్తి పెంచలమ్మ బుట్టలో పోశాడు. "గంగులయ్య పాలు," అన్నాడు. నా వైపు చూడలేదు. ఆమె చెయ్యి చాపినప్పుడు గాజులు గలగలమన్నాయి.

"అయిపొయింది పాపా, ఇంక బో. బస్సు పోతాది," అంది.

పోలేదు. ఎందుకో నీళ్ళలోనే నిలబడ్డాను. పొద్దున ఎనిమిది తెప్పలు పోయాయట. ఎనిమిదీ ఒడ్డెక్కాయి, నేనే లెక్కపెట్టాను. బస్సు హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది. నేను తొమ్మిదో తెప్ప కోసం చూస్తున్నాను.